ఒక్కరే విన్న ఇరవై మూడు మాటలు

ముందు పోయినవి లెక్కపెడతాను.

ఒక భాష. కొందరు దాన్ని యాస అంటారు, కాబట్టి అర వెయ్యమంటారేమో. పోయినదానికి అర ఉండదు, ఒకటనే వేస్తున్నాను. ఆ భాష వినిపించిన ఆఖరి ఇల్లు, ఒకటి. వంద మాటల జాబితాలో ఎవరికీ గుర్తురాక ఖాళీగా మిగిలినవి ఆరు. ఒక్కరే విన్నారన్న కారణంతో నేను కొట్టేసినవి ఇరవై మూడు. జురాంగ్ వెస్ట్‌లో గడిచిన శనివారాలు తొమ్మిది. అందులో నేను వెళ్ళినవి ఎనిమిది. నాలుగేళ్ళు ఒకే వంటింట్లో వండుకు తిన్న మిత్రుడు ఒకడు. అతనితోపాటు వెళ్ళిపోయిన అయిదు లీటర్ల కుక్కరు ఒకటి. అయితే అది అతనిదే. నష్టంలో కలపకూడదు.

కంప్యూటర్లన్నీ రెండువేల సంవత్సరం దగ్గర తడబడతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయమే నన్ను సింగపూర్ తెచ్చింది. నా చదువు ఇంటర్‌తో ఆగింది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష అమీర్‌పేటలో జిరాక్స్ నోట్సు చూసి నేర్చుకున్నాను, లెక్కలు అంతకంటే ముందే ఎవరూ చెప్పకుండా వచ్చాయి. ఆఫీసులో మా పని పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడం. ఒకరు దిద్దిన లైను ఇంకొకరు చూడాలి. ఇద్దరి సంతకాలూ పడితేగాని ఆ లైను అయినట్టు కాదు. నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందంటే, ఇంట్లో కరెంటు మీటరు రీడింగు కూడా నా మిత్రుడి చేత రెండోసారి చూపించేవాణ్ణి.

మిత్రుడంటే బెడోక్‌లో నేనుండే ఫ్లాట్‌లో పక్క గది అతను. హైదరాబాదు ముస్లిం కుటుంబం, ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలంగాణ తెలుగు. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇంజనీరింగ్ చదివాడు, వంట చేస్తాడు, పాడతాడు. లిఫ్టులో ఎక్కిన ముసలివాళ్ళు తొమ్మిదో అంతస్తు వచ్చేలోపు అతనికి తమ రోగాలన్నీ చెప్పేసుకునేవాళ్ళు. అదే లిఫ్టులో నేనూ ఉండేవాణ్ణి.

ఆదివారాలు తోచక ఒక పాత పుస్తకాల అంగడిలో తిరుగుతుంటే భాషల్ని లెక్కపెట్టే పద్ధతి మీద ఒక పుస్తకం దొరికింది. ఏ జాతికైనా తప్పకుండా ఉండే వంద మాటలు తీసుకోవాలి: తల, నీళ్ళు, నిప్పు, కొండ, దారి, రెండు, ఇలాంటివి. రెండు భాషల్లో అవి ఎన్ని కలుస్తాయో చూడాలి. ఎక్కువ కలిస్తే దగ్గరి చుట్టాలు, తక్కువ కలిస్తే దూరపు చుట్టాలు. చదవగానే నాకు ఒళ్ళు పులకరించింది. పండితులు తగవులాడుకునే విషయానికి కూడిక వస్తే చాలన్నమాట! ఆ ఏడాది ఆఫీసుకి వెళ్ళే రైల్లో నిలబడి తెలుగుని కన్నడంతో, తమిళంతో లెక్కపెట్టాను.

ఆఫీసులో నాకు రెండు కుర్చీల అవతల ఒక ఉజ్బెక్ అమ్మాయి కూర్చునేది. ఊరు ఫెర్గానా లోయలో. పెద్దవాళ్ళెవరినైనా అంకుల్ అనాలని ఇక్కడికొచ్చి నేర్చుకుంది కాబట్టి, ముప్పై ఆరేళ్ళకే నేనామెకు అంకుల్‌ని. ఒక రోజు మధ్యాహ్నం తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసిన, అంటే మాదని ఆపి ఉంచుకున్న, బల్ల దగ్గర నా పట్టికలు చూసింది.

"అంకుల్, మీరు భాషల్ని లెక్కపెడతారా?"

"పెడతాను."

"అయితే మా బువికి మీరు కావాలి లా," అంది, ఇక్కడివాళ్ళ తీరులో చివర "లా" తగిలిస్తూ. బువి అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ.

ఆ అమ్మాయికి కాన్పయితే సాయానికి వచ్చిన పెద్దావిడ సంగతి అప్పుడు చెప్పింది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఫెర్గానాలో కిప్చాక్‌లనే తెగ ఉండేది. వాళ్ళ మాట తుర్కిక్ కుటుంబంలోనిదే, కానీ దాన్ని ఏ కొమ్మ మీద కూర్చోబెట్టాలో తేలలేదు. కజక్, కిర్గిజ్ ఉండే కిప్చాక్ కొమ్మ అని కొందరు, కాదు ఉజ్బెక్‌లో ఒక యాస మాత్రమే అని కొందరు. తేలేలోపు మాట్లాడేవాళ్ళే మిగల్లేదు. కాగితాల మీద ఆ జనాన్ని ఉజ్బెక్‌లుగా రాసేశారు. అయితే పుస్తకాలు పోయిందన్నాక కూడా ఆ భాష ఒక ఇంట్లో ఇంకొన్నేళ్ళు బతికింది. పెద్దావిడని పన్నెండేళ్ళ దాకా పెంచిన నాయనమ్మ ఆ మాటే మాట్లాడేది.

ఇప్పుడు ఆ నాయనమ్మ సమాధికి కొత్త రాయి వేయించాలి. పేరు కింద ఆమె ఎవరో ఒక మాట చెక్కించాలి. కిప్చాక్ అని పెద్దావిడకి ఆశ. ఊళ్ళో ఉన్న తమ్ముడు మాత్రం, అందరూ ఉజ్బెక్ అంటుంటే ఈ వయసులో నీకు వేరుకుంపటి ఎందుకంటాడు.

"ప్రేమతో చెబితే మా చిన్నతాత వినడు అంకుల్. లెక్క చూపిస్తే నోరెత్తడు. లెక్కపెట్టేవాడు అబద్ధమాడడని బువి నమ్మకం."

ఇలాంటి మాట నా గురించి అంతవరకూ ఎవరూ అనలేదు.

ఆ అమ్మాయి ఇల్లు జురాంగ్ వెస్ట్‌లో. బెడోక్ నుంచి ఇరవై ఒకటో స్టేషన్‌లో దిగి, బస్సెక్కి వెళ్ళాలి. మొదటిసారి మిత్రుణ్ణి నేనే తీసుకెళ్ళాను, రెండో సంతకం కావాలి కదా. ఇద్దరం విన్న మాటే జాబితాలోకి ఎక్కాలని రైల్లోనే నియమం పెట్టాను. "నీ ఇష్టమన్నా," అన్నాడతను, కిటికీలోంచి చూస్తూ.

ఆవిడ పొట్టిగా, తలకి గళ్ళ గుడ్డ కట్టుకుని, చేతిలో చంటిబిడ్డతో తలుపు తీసింది. నేను "గుడ్ ఆఫ్టర్‌నూన్ ఆంటీ" అన్నాను. అతను బూట్లు విప్పుతూనే "సలాం నానీ" అన్నాడు, ఉర్దూలో సొంత అమ్మమ్మని పిలిచినట్టు. ఆవిడ బిడ్డను తీసుకెళ్ళి అతని చేతుల్లో పెట్టింది. అంతే. నేను రిజిస్టరు పట్టుకుని ఎటు కూర్చోవాలో చూసుకున్నాను.

ఆ రిజిస్టరు నేను ప్రత్యేకంగా గీసుకున్నది. ఎడమవైపు అర్థం, తర్వాత ఆవిడ చెప్పిన మాట, పక్కన ఉజ్బెక్ మాట, ఆ పక్కన కజక్ మాట, చివర రెండు సంతకాల గళ్ళు. బల్ల దగ్గర గంటసేపు కూర్చునేవాళ్ళం. నేను అడిగేవాణ్ణి, మనవరాలు మార్చి చెప్పేది, ఆవిడ రిజిస్టరు వంకే చూస్తూ ఆలోచించి, ఆలోచించి జవాబిచ్చేది. గంట అయ్యాక ఆవిడా నా మిత్రుడూ వంటింట్లోకి పోయేవాళ్ళు. అక్కణ్ణుంచి నవ్వులు మొదలయ్యేవి.

ఉర్దూకీ ఆవిడ మాటకీ మధ్య పారసీ మాటలు బోలెడు కలుస్తాయి. నాన్, బజార్, దోస్త్, పియాజ్. ఒకసారి ఆవిడ సబ్జీ తెమ్మంటే ఇతను మార్కెట్‌కి వెళ్ళి వంకాయలు, బీన్స్, పాలకూర, దోసకాయలు రెండు సంచులు మోసుకొచ్చాడు. వాళ్ళకి సబ్జీ అంటే క్యారెట్ ఒక్కటేనట. ఆవిడ బల్ల పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అతని తప్పుకి కూడా అంత ప్రేమ దొరికింది. నా రిజిస్టరులో ఆ వేళకి ఒక్క తప్పూ లేదు.

టీ సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజు ఆవిడ చిన్న పింగాణీ గిన్నెలో అడుగున మూడో వంతే పోసింది. తాగగానే లేచి మళ్ళీ అంతే పోసింది. మూడుసార్లు లేచాక ఆవిడ మోకాళ్ళ మీద జాలేసి, ఒకేసారి నిండుగా పొయ్యమని సైగ చేశాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నిండుగా పోసింది. ఆ తర్వాత ప్రతి శనివారం నా గిన్నె అంచుదాకా వచ్చేది. అతనిది మాత్రం మూడో వంతే. ఒక మధ్యాహ్నం అతని కోసం ఆవిడ తొమ్మిదిసార్లు లేచింది. అంటే అతను తాగింది మూడు గిన్నెలు, నేను ఒకటి.

అయిదో శనివారం లిఫ్టు దగ్గర మనవరాలు నవ్వుతూ చెప్పింది. "మా దగ్గర తక్కువ పోస్తే ఇంకాసేపు కూర్చోండని. నిండా పోస్తే తాగేసి బయల్దేరండని. మీరే అడిగారు కదా అంకుల్, బువి ఎలా కాదంటుంది?"

సరిదిద్దుకోవచ్చు. కానీ అడిగి పోయించుకుంటే అది మర్యాద ఎలా అవుతుంది? ఊరుకున్నాను. ఆ రోజు రైల్లో ఇరవై ఒక్క స్టేషన్లూ అతనితో మాట్లాడలేదు. అతనది గమనించనే లేదు. పక్కన కూర్చున్న మలయ్ అవ్వతో కబుర్లలో ఉన్నాడు.

ఇంకొకటి జరిగింది. ఆరో వారం వంటింట్లోంచి కేకేశాడు. "అన్నా, జల్దీ రా! దారికి మాట దొరికింది. జోల్ అంటుంది!"

నేను రిజిస్టరు తీసుకుని గుమ్మంలో నిలబడి మళ్ళీ అడిగించాను. ఆవిడ నా చేతిలోని గీతల కాగితం వంక చూసి, చెయ్యి తుడుచుకుని, "యోల్" అంది. అది ఉజ్బెక్ మాట, జోల్ అయితే కజక్ వైపుది.

"ఇప్పుడే జోల్ అన్నది గదన్నా!"

"నేను వినలేదు," అని యోల్ రాశాను. ఇద్దరం విన్నాం కదా, అతని చేతే పక్కన సంతకం పెట్టించాను.

ఏడు శనివారాల్లో డెబ్భై ఒక్క మాటలు వచ్చాయి. వారానికి పది, పైన ఒకటి. అందులో నలభై మాటలు రెండు కొమ్మల్లోనూ ఉండేవే, వాటితో ఏమీ తేలదు. తేల్చేవి ముప్పై ఒకటి. ఉజ్బెక్ వైపు పదిహేడు, కిప్చాక్ కొమ్మ వైపు పద్నాలుగు. ఇంకా ఇరవై తొమ్మిది రావాలి, కాబట్టి నేనేమీ అనుకోలేదు.

ఎనిమిదో శనివారం ఆఫీసులో తేదీని ముందుకు జరిపి చూసే పరీక్ష పడింది. నేను రాలేనన్నాను. వచ్చేవారం వెళదాంలే అంటాడనుకున్నాను. ఒక్కడే వెళ్ళాడు.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అన్నాల బల్ల మీద ఒక అట్టముక్క పెట్టి, ఎదురుగా కూర్చుని ఉన్నాడు. పిల్లల డైపర్ల పెట్టెకి చించిన మూత. దాని వెనక ఉర్దూ లిపిలో వంకరటింకరగా మాటలు, పక్కన నా కోసం తెలుగు లిపిలో ఆ మాటలూ, వాటి అర్థాలూ.

"ఇగో అన్నా, ఇరవై మూడు! ఒక్క దినంల!"

ఇరవై మూడు. నాకు రెండు వారాలపైన పట్టేది.

"దీని మీద రాశావేంటయ్యా?"

"నోట్‌బుక్ నీ తాన ఉండె. నానీ ఆగుతలేదు, ఒకటెన్క ఒకటి చెప్పవట్టె. ఉల్లిగడ్డలు కోసుకుంట వాళ్ళ నాయనమ్మ గొర్రెల ముచ్చట్లు చెప్పింది. ఏం దొరికితె దాన్మీదనే రాసిన."

"ఎవరు విన్నారు?"

"నేనిన్న."

"ఇంకెవరు?"

"ఇంకెవరుంటరన్నా? మనవరాలు పిల్లగాన్ని పండబెడుతుండె. నేను, నానీ, ఉల్లిగడ్డలు."

"అయితే కుదరదు. ఒక్కరే విన్నది లెక్కలోకి రాదు. మొదటి రోజే అనుకున్నాం."

అతను నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "ఆమె ఊరికి పోయేది పది దినాలల్ల. గిదేమన్న బ్యాంకు ప్రోగ్రామా, రెండు సంతకాలు కావాల్నా?"

"నీకు ఉర్దూ వచ్చు. నీకు వినపడాలనుకున్నవే వినపడ్డాయేమో."

"ఉర్దూల కొండని తావ్ అంటమా? గాలి మాటలు మాట్లాడకన్నా." లేచి నిలబడ్డాడు. "గిది నియమం కాదు. కండ్లమంట. నానీ నాతోని నవ్వుతదని నీకు కండ్లమంట."

"నియమం నియమమే," అన్నాను.

అతను గదిలోకి పోయాక ఆ అట్టముక్క తీసుకుని లెక్క చేశాను. ఇరవై మూడింటిలో తొమ్మిది అందరికీ ఉండేవి. మిగిలిన పద్నాలుగింటిలో ఉజ్బెక్ వైపు మూడు, కిప్చాక్ వైపు పదకొండు. కలిపితే ఉజ్బెక్ ఇరవై, కిప్చాక్ ఇరవై అయిదు. కలపకపోతే ఉజ్బెక్ పదిహేడు, కిప్చాక్ పద్నాలుగు. రెండుసార్లు కూడాను. రెండుసార్లూ అంతే వచ్చింది.

కాబట్టి తొమ్మిదో శనివారం నేను చేసింది, తెలియక చేసింది కాదు.

ఆ రోజు రిజిస్టరు తెరిచి ఆ ఇరవై మూడూ మళ్ళీ చెప్పమన్నాను. ఆవిడ మనవరాలితో ఏదో అంది.

"ఆ అబ్బాయికి చెప్పాను కదా, అతను రాసుకోలేదా అంటోంది."

"రాశాడు. నేను వినలేదు."

మనవరాలు దాన్ని ఎలా మార్చి చెప్పిందో తెలియదు. పెద్దావిడ నా మిత్రుడి వైపు చూసింది. అతను బిడ్డ కాలి వేళ్ళు సవరిస్తూ తలెత్తలేదు. ఆవిడ తన అరచెయ్యి రిజిస్టరు మీద పెట్టి, నెమ్మదిగా ఒక మాట అంది.

"మీకు నమ్మకం ఉన్నవే లెక్కపెట్టమంటోంది," అంది మనవరాలు.

తెల్లకాగితం మీద పట్టిక గీసి, కింద ఫలితం రాశాను. తేల్చే మాటలు ముప్పై ఒకటి. ఉజ్బెక్ పదిహేడు. కిప్చాక్ పద్నాలుగు. కనుక ఇది ఉజ్బెక్ యాస. కింద సంతకం పెట్టాను. రెండో గడిలో మిత్రుడు పెట్టనన్నాడు. ఆవిడ దాన్ని మనవరాలి చేత చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి, నడుముకున్న గుడ్డ సంచిలో దాచుకుంది. లేచి వెళ్ళి టీ తెచ్చింది.

ఆ రోజు నా గిన్నెలో మూడో వంతే పోసింది.

తాగాను. లేచి మళ్ళీ పోసింది, మళ్ళీ మూడో వంతే. నేను ఆరుసార్లు తాగాను, ఆవిడ ఆరుసార్లు లేచింది. అయిదో శనివారం నుంచి ఎదురుచూసిన మర్యాద అది. చాలనడం ఎలాగో నాకు తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో మిత్రుడు ఒక్కటే అన్నాడు. "నువ్వు లెక్క తప్పుతవనుకోలే అన్నా."

"తప్పలేదు," అన్నాను. కూడిక తప్పలేదు, నిజమే.

రెండు నెలల తర్వాత అతను పెళ్ళి చేసుకుని సెంగ్‌కాంగ్ వెళ్ళిపోయాడు. కుక్కరు తీసుకెళ్ళాడు. అట్టముక్క వంటింటి సొరుగులో వదిలేశాడు, మరిచిపోయాడో కావాలనో.

ఉజ్బెక్ అమ్మాయి చాలా రోజులకి మళ్ళీ హాకర్ సెంటర్‌లో ఈ ప్రస్తావన తెచ్చింది. తన చెల్లెలు పెద్దావిడ చిన్ననాటి సంగతులు రాసుకుంటోందట. అందులో ఒకటి నాకు చెప్పాలనిపించిందట.

"బువి చిన్నప్పుడు గీతల పుస్తకాలు పట్టుకుని మనుషులు ఇంటికొచ్చి, మీరెవరు, ఏం మాట్లాడతారు అని అడిగేవారట. వాళ్ళ నాయనమ్మ నేర్పిందట: గీతల పుస్తకం ముందు ఊళ్ళో మాటే మాట్లాడు, ఇంటి మాట వద్దు అని. ఎంత భయస్తులో చూడండి అంకుల్."

నా ప్లేటులో అన్నం అలాగే ఉంది. గుమ్మంలో చెయ్యి తుడుచుకుని యోల్ అన్న మనిషి కనబడింది. నేను బల్ల దగ్గర సేకరించిన డెబ్భై ఒక్క మాటల్లో ఎన్ని ఇంటివి, ఎన్ని గీతల పుస్తకం కోసం చెప్పినవి? అది ఇప్పటికీ తెలియని అంకె. ఉల్లిగడ్డలు కోస్తూ చెప్పినవి మాత్రం ఇంటివే.

"రాయి వేశారా?" అని అడిగాను.

"వేశారు. ఉజ్బెక్ అనే చెక్కించారు. మీ కాగితం చూశాక చిన్నతాత, బువి మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. థాంక్యూ అంకుల్."

అసలు లెక్క అప్పుడు చెప్పాల్సింది. అక్కాతమ్ముళ్ళు కలిశారు కదా, కెలకడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. చెబితే, తేల్చే ఆ ఇరవై మూడూ తెచ్చింది నా మిత్రుడేనని కూడా చెప్పాలి. మరుసటి ఏడాది పెద్దావిడ పోయింది. అమ్మాయి ఇంకో దేశం వెళ్ళింది.

మిత్రుడు ఎప్పుడైనా రైల్లో కనిపిస్తాడు. గడ్డం నెరిసింది. "సలాం అన్నా, లెక్కలెట్లున్నయ్?" అంటాడు, ఎత్తిపొడుపు లేకుండానే. "బాగానే ఉన్నాయయ్యా," అంటాను. నేను ఇంకా బెడోక్‌లోనే ఉన్నాను.

అట్టముక్క నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా తీసి చూస్తే ముందు సిగ్గు రావాలి కదా, రాదు. ముందు వచ్చేది, ఇవన్నీ అతనికే ఎందుకు చెప్పింది అన్న మంట. సిగ్గు దాని తర్వాత వస్తుంది. యాభై దాటినా ఆ వరస మారలేదు.

రిజిస్టరులో ఆ పేజీ మూసెయ్యలేదు. జాబితా వంద. గుర్తురానివి ఆరు. ఇద్దరూ విన్నవని నేను రాసినవి డెబ్భై ఒకటి. ఆవిడ చెప్పి, అతను విని, నేను లెక్కలో వెయ్యకుండా ఆ రాతికి బాకీపడినవి ఇరవై మూడు.